చెళ్లపిళ్ల వారి జంట సంతకం, నా టెంపరేచర్ స్లయిడర్

గత సంచికలో నా పేరు కింద ఇబ్రహీంపట్నం చెరువు మీద ఒక కవిత వచ్చింది. గుర్తుండే ఉంటుంది. క్లబ్ గ్రూపులో చాలామంది హార్ట్‌లు పెట్టారు. క్లాసులో ఒక మేడమ్ మెచ్చుకున్నారు కూడా. ఆ కవిత గురించి నేను మీకు ఒక మాట బాకీ ఉన్నా. అది చెప్పాలంటే ముందు 1950లో పోయిన ఒక పెద్దాయన జీవితం చెప్పాలి. ఆయన గురించి చదివాకే నాకు ఆ మాట చెప్పే ధైర్యం వచ్చింది.

మొదట కవిత ఎట్లా తయారైందో చెప్తా. హాస్టల్లో రాత్రి పన్నెండు దాటాక, ఒక ఏఐ లాంగ్వేజ్ మోడల్ తెరిచి, సాయంత్రం పూట మన చెరువు మీద పన్నెండు పంక్తులు రాయమన్నా. వెంటనే ఇచ్చింది. ప్రకృతి ఒడి, వెన్నెల చీర, మౌనగీతం... పదో తరగతి వ్యాసంలా ఉంది. అప్పుడు పక్కనున్న స్లయిడర్లు తిప్పడం మొదలుపెట్టా.

సీఎస్ఈ వాళ్ళకి తెలిసిందే, మిగతా బ్రాంచిల వాళ్ళ కోసం చెప్తున్నా. మోడల్ ఒక్కో ముక్క రాసే ముందు, తర్వాత ఏం రావొచ్చో వాటన్నిటికీ అవకాశాలు లెక్కగడుతుంది. ఉదాహరణకి చెరువు గట్టు అన్నాక మూడే మాటలు పోటీలో ఉన్నాయనుకోండి, 60, 30, 10 శాతాలతో. టెంపరేచర్ 1 అయితే అవే శాతాలు. దాన్ని 0.5కి తగ్గిస్తే అవి సుమారు 78, 20, 2 అవుతాయి. ఉన్నవాడికే ఇంకా పెడుతుందన్నమాట. 2కి పెంచితే సుమారు 47, 33, 19. వెనకబడ్డ మాటకీ ఒక ఛాన్సు దొరుకుతుంది. ఈ లెక్క భౌతికశాస్త్రం నుంచి వచ్చింది, 19వ శతాబ్దపు బోల్ట్‌జ్మన్ గారి సూత్రం. అందుకే టెంపరేచర్ అన్న పేరు. ఇంకో స్లయిడర్ టాప్-పి. దాన్ని 0.9 దగ్గర పెడితే, పై నుంచి కూడుకుంటూ 90 శాతం నిండేదాకా వచ్చిన మాటల్నే ఉంచి, మిగతావాటిని తీసేస్తుంది. మన ఉదాహరణలో మూడో మాట ఔట్. మరొకటి, వాడిన మాటే మళ్ళీ వాడితే కోత వేసేది.

0.2 దగ్గర ఎన్నిసార్లు అడిగినా అదే వెన్నెల చీర. 1.6 దగ్గర తెలుగే విరిగిపోయింది. మన లిపిలో ఒక్క అక్షరాన్నే మోడల్ చాలాసార్లు రెండు మూడు ముక్కలుగా చూస్తుంది కాబట్టి, వేడి ఎక్కువైతే గుణింతం ఒక చోట, హల్లు ఒక చోట పడుతుంది. చివరికి టెంపరేచర్ 1.1, టాప్-పి 0.92 దగ్గర ఆగా. ప్రకృతి, ఒడి, వెన్నెల, మౌనం అన్న మాటలు నిషేధించా. నలభై దాకా వచ్చినవాటిలోంచి పంక్తులు ఏరి, వరస మార్చి, కింద నా పేరు పెట్టా. మోడల్ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం యాచారం దగ్గర మా ఊరికి పోయినప్పుడు తాతకి ఫోన్లో చదివి వినిపించా. తాత వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టినోడు, పద్యం వింటే చెవి కోసుకుంటాడు. అంతా విని ఒకటే అడిగాడు. ఇబ్రహీంపట్నం చెరువులో తెరచాపలు ఎప్పుడు చూసినవురా అని. నా కవితలో అందరికీ నచ్చిన పంక్తి అదే, సాయంత్రం ఎర్రబడ్డ తెరచాపలు. మన చెరువులో తెప్పలుంటాయి, పుట్టిలుంటాయి. తెరచాప ఎక్కడిది? ఆ చెరువు నిండినప్పుడూ చూశాడు, నెర్రెలు బాసినప్పుడూ చూశాడు తాత. నేను అది ఊహ అని తప్పించుకున్నా. ఆయన ఇంకేం అనలేదు. తను వేసిన నాటకం సంగతి ఎత్తుకున్నాడు. ఆ పద్యాలు రాసింది తిరుపతి వేంకట కవులు అన్నాడు. నేను అదంతా ఒక మనిషి పేరే అనుకున్నా, కవులు అన్నది గౌరవానికేమో అనుకున్నా. కాదట, ఇద్దరట. అందులో ఒకాయన చనిపోయాక కూడా ఇంకొకాయన ఆ జంట పేరుతోనే రాశాడట. అది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. మర్నాడు లైబ్రరీకి పోయి ఆ రెండో ఆయన గురించి చదవడం మొదలుపెట్టా.

ఆయన పేరు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. 1870లో తూర్పుగోదావరి జిల్లా కడియంలో పుట్టారు. తర్వాత కుటుంబం యానాం చేరింది. అప్పుడది ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉన్న ఊరు. రెండో ఆయన దివాకర్ల తిరుపతిశాస్త్రి, 1872లో భీమవరం దగ్గర ఎండగండిలో పుట్టారు. ఇద్దరూ సంస్కృత వ్యాకరణం కోసం చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చేరారు. స్నేహం అక్కడే కుదిరింది. ఒకే గురువు దగ్గర చదువుకుంటూ ఒకరి పాండిత్యాన్ని ఒకరు చూసి, ఇక మీద ఏం రాసినా కలిసి ఒకే పేరుతో రాయాలని నిశ్చయించుకున్నారు. ఇద్దరి పేర్లూ కలిపితే తిరుపతి వేంకట కవులు. పుస్తకం తెరిచినవాళ్ళకి ఏ పద్యం ఎవరిదో పేరు చూసి చెప్పే వీలు లేదు. మెచ్చుకుంటే ఇద్దరికీ, తిడితే ఇద్దరికీ.

చదువు మీద వేంకటశాస్త్రి గారికి ఎంత తపన ఉండేదంటే, కాశీ వెళ్ళి చదవాలనుకుని, దారి ఖర్చులకి అవధానాలు చేసి డబ్బు కూడబెట్టుకున్నారు. మనం ఇంటర్న్‌షిప్ కోసం ఫ్రీలాన్సింగ్ చేసినట్టు. తిరిగొచ్చాక కాకినాడలో జంటగా శతావధానం చేశారు. అక్కడి నుంచి వాళ్ళ పేరు ఊళ్ళు దాటింది.

అవధానం చూడనివాళ్ళ కోసం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నా స్లయిడర్ల కథ ఇక్కడే తలకిందులైంది. అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, అంటే అర్థం అడ్డదిడ్డంగా ఉన్న పద్యపాదం ఒకటి ఇచ్చి దాన్ని సబబుగా పూర్తి చేయమంటారు. దత్తపది ఇచ్చే ఆయన నాలుగు మాటలిచ్చి అవి పద్యంలో రావాలంటాడు. మామూలుగా అవి తెలుగు పద్యానికి అస్సలు అతకని మాటలై ఉంటాయి. ఒకరు వర్ణన అడుగుతారు. ఒకరు మధ్యలో అడ్డమైన ప్రశ్నలేసి ధ్యాస చెడగొడతారు, దాని పేరు అప్రస్తుత ప్రసంగం. పద్యం ఒకేసారి చెప్పడానికి లేదు, ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పుకుంటూ చుట్లు తిరగాలి. చివర్లో ధారణ. అప్పటిదాకా చెప్పిన పద్యాలన్నీ కాగితం లేకుండా తిరిగి అప్పజెప్పాలి. శతావధానం అంటే ఇదే పని వందమందితో.

నిషిద్ధాక్షరి గురించి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచా. అవధాని ఒక అక్షరం అంటాడు. పృచ్ఛకుడు ఆ తర్వాత ఏ అక్షరం వచ్చే అవకాశం ఎక్కువో ఊహించి, అది వాడొద్దంటాడు. అవధాని ఇంకో అక్షరం వేస్తాడు. మళ్ళీ ఊహ, మళ్ళీ నిషేధం. శ్రీ అంటే, రాముడు రాబోతున్నాడని పసిగట్టి ర మీద వేటు వేస్తాడన్నమాట. ఇది నెక్స్ట్ టోకెన్ ప్రిడిక్షన్ కాక మరేంటి? అందరికీ తట్టే దారి మూసేసి, తట్టని దారిలో నడవమనడం. నేను వెన్నెలని నిషేధించినప్పుడు చేసింది దాదాపు అదే. ఈ మధ్య కొన్ని టూల్స్‌లో అన్నిటికంటే అవకాశం ఎక్కువున్న మాటల్ని కావాలనే పక్కన పెట్టే సెట్టింగ్ కూడా వచ్చింది. మన సభల్లో ఆ పని ఒక మనిషి ఎదురుగా కూర్చుని చేసేవాడు.

తేడా కూడా అక్కడే తెలిసింది. ఒకటి ఛందస్సు. ఉత్పలమాల అంటే పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం దగ్గర ప్రాస. నేను మోడల్‌ని ఉత్పలమాల అడిగితే, పైన ఉత్పలమాల అని శీర్షిక పెట్టి కింద వచనం ఇచ్చింది. టెంపరేచర్ ఎంత మార్చినా గణాలు కుదరలేదు. అది చూసేది టోకెన్ ముక్కల్ని, మన గురులఘువుల్ని కాదు. స్లయిడర్ ఉన్న మాటల మధ్య ఎంపిక మార్చగలదు గానీ, లేని చెవిని తెప్పించలేదు.

రెండోది అంతకంటే పెద్ద తేడా. అవధానికి సెట్టింగ్స్ పెట్టేది తను కాదు, ఎదుటివాళ్ళు. వాళ్ళు వదిలిపెట్టరు. యతి తప్పితే అక్కడే పట్టుకుంటారు, పోలిక కుదరకపోతే అక్కడే అడుగుతారు. సభ నిండా జనం ఉంటారు. చెప్పిన ప్రతి పాదానికీ అవధాని ఆ క్షణమే పూచీ పడాలి. నా గదిలో స్లయిడర్లు తిప్పిందీ నేనే, వచ్చినదాన్ని బాగుందన్నదీ నేనే. తెరచాప ఎక్కడిదని అడిగే పృచ్ఛకుడు లేడు, తాత అడిగేదాకా.

సరే, శాస్త్రి గార్ల కథకి వస్తా. జంట కవులు ఊరూరా తిరిగారు. వేంకటగిరి, విజయనగరం వంటి సంస్థానాలు, మద్రాసు దగ్గర అడయారు, మన తెలంగాణ వైపు గద్వాల, ఆత్మకూరు సంస్థానాలు. అప్పట్లో ఈ రెండూ నిజాం రాజ్యంలో ఉండేవి, పండితులకి సత్కారాలు చేసేవి. జమీందార్ల కొలువుల్లోనే కాదు, ఊళ్ళల్లో మామూలు జనం మధ్య కూడా అవధానాలు చేసి, ఆ విద్యని అందరి నోళ్ళలోకి తెచ్చారు వీళ్ళు.

ఇద్దరూ మీసాలు పెంచేవారు. ఆ కాలంలో పండితులకి మీసమేంటని కొందరు గొణిగారు. దానికి వాళ్ళు పద్యంలోనే జవాబిచ్చారు. దాని సారం ఏమిటంటే, రెండు భాషల్లోనూ మేమే కవులమని చెప్పడానికే ఈ మీసం పెంచాం, మమ్మల్ని గెలిచే కవి ఉంటే రండి, మీసం తీసేసి మొక్కుతాం అని. పొగరు అనిపించొచ్చు. కానీ ఓడిపోతే ఏం పోగొట్టుకుంటారో ముందే బహిరంగంగా చెప్పి సభలో కూర్చోవడం కూడా అందులో ఉంది.

పోటీలు నిజంగానే వచ్చాయి. గుంటూరు వైపు కొప్పరపు సోదర కవులు ఆశువుగా మెరుపు వేగంతో పద్యాలు చెప్పేవారు. వాళ్ళూ జంటే, అన్నదమ్ములు. రెండు జంటల మధ్యా, వాళ్ళ అభిమానుల మధ్యా ఏళ్ళ తరబడి వాదాలు నడిచాయి. పత్రికలకెక్కాయి, పద్యాల్లో తిట్లూ నడిచాయి. ఇప్పుడు చదివితే మన ఫ్యాన్ వార్స్ ఏమాత్రం కొత్తవి కావనిపిస్తుంది. ఆ తగవుల్లో అంతా న్యాయంగానే జరిగిందని నేను అనను. వేంకటశాస్త్రి గారు వాదం దొరికితే తొందరగా వదిలే మనిషి కాదని ఆయన రాసిన కథలు-గాథలు చూస్తేనే తెలుస్తుంది. ఆ పుస్తకం వచనం. అంత పండితుడు ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్తున్నట్టు ఉంటుంది, ఒక సంగతి చెప్తూ ఇంకో సంగతిలోకి పోతారు, మళ్ళీ వెనక్కి వస్తారు. ఏ స్లయిడర్ మీదా ఆ నడక దొరకదు.

కొన్నేళ్ళకి బతుకుతెరువు ఇద్దరినీ వేర్వేరు ఊళ్ళలో పెట్టింది. తిరుపతిశాస్త్రి గారు పోలవరం జమీందారు ఆదరణలో కాకినాడలో ఉన్నారు. వేంకటశాస్త్రి గారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులయ్యారు. ఊళ్ళు రెండైనా పేరు ఒకటే. మా తాత వేసిన పాండవోద్యోగం, దాని జంట పాండవ విజయం, రెండు నాటకాలూ ఆ పేరుతో వచ్చినవే. చదువు రానివాళ్ళ నోళ్ళలో కూడా ఆ పద్యాలు ఆడాయంటే, రాగం తీస్తే ఒక పద్యానికి రెండోసారి, మూడోసారి వన్స్‌మోర్ కొట్టారంటే, కవిత్వానికి అంతకంటే పెద్ద రేటింగ్ ఏముంటుంది?

బందరు బడిలో ఆయన దగ్గర చదువుకున్న పిల్లల పేర్లు చూడండి. విశ్వనాథ సత్యనారాయణ, తర్వాత తెలుగుకి మొదటి జ్ఞానపీఠం తెచ్చినాయన. పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు, వీళ్ళిద్దరూ గురువుల్లాగే జంటగా సౌందరనందం రాశారు. ఒకే గురువు దగ్గర నేర్చుకున్నా విశ్వనాథ పద్యం గురువు పద్యంలా ఉండదు. ఎవరి దారి వాళ్ళదే. ట్రైనింగ్ డేటా అన్న మాట మనం తెగ వాడతాం కదా, ఒక బడిపంతులు చేసిన ట్రైనింగ్ ఇది.

1920లో తిరుపతిశాస్త్రి గారు పోయారు. యాభై కూడా నిండలేదు. వేంకటశాస్త్రి గారికి అప్పటికి యాభై. మామూలుగా అయితే జంట అక్కడితో అయిపోవాలి. ఆయన ఆ తర్వాత కూడా తిరుపతి వేంకట కవులు అన్న పేరుతోనే కావ్యాలు వెలువరించారు. ఇంకో ముప్పై ఏళ్ళు బతికారు. 1949లో అప్పటి మద్రాసు ప్రభుత్వం ఆయన్ని ఆస్థాన కవిగా నియమించింది. ఆ పదవిలో ఆయనే మొదటివారు. మరుసటి ఏడు, 1950 ఫిబ్రవరిలో పోయారు.

నేను ఆగిపోయింది ఆ ముప్పై ఏళ్ళ దగ్గర. స్నేహితుడు పోయాక రాసిన పద్యంలో ఆ స్నేహితుడు కలం పెట్టలేదు. పేరు తీసేసినా అడిగేవాళ్ళు లేరు. అయినా తీయలేదు. నాకు అర్థమైనంతలో కారణం ఇది. ఆ పద్యం చెప్పే చెవి, ఆ నడక, ఆ ధైర్యం ఇద్దరి మధ్య తయారైనవి. ఒకరు లేకుండా పోయినంత మాత్రాన అవి ఒక్కడివైపోవు. రాయని మనిషి పేరు కూడా ఆయన పక్కన పెట్టుకున్నారు. నేనేమో నలభై సార్లు రాసిచ్చినదాని పేరు దాచిపెట్టి, నా ఒక్కడి పేరు పెట్టుకున్నా.

మోడల్‌ని తిరుపతిశాస్త్రి గారితో పోల్చట్లేదు, తప్పుగా అనుకోకండి. అది నాకు స్నేహితుడు కాదు, దానికి పేరు మీద మమకారమూ లేదు. నా పేరు కింద చదివినవాళ్ళు మీరు. మీకు ఆ లెక్క తెలియాలి. ఎర్ర తెరచాపలు నేను చూసి రాసినవని మీరు నమ్మారు. నేను చూడలేదు. ఎక్కడో ఏ సముద్రం గురించో రాసిన మాటల్లోంచి 1.1 వేడికి పైకి తేలినవి అవి.

కాబట్టి మొదట్లో చెప్పిన మాట ఇదే. గత సంచికలోని ఆ కవిత నేను ఒక్కణ్ణే రాసింది కాదు. ఎడిటర్ అక్కకి చెప్పేశా. తిడుతుందనుకున్నా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత కవిత కింద సవరణ పెడదామంది. ఇప్పుడు మీరు ఆ పేజీ తెరిస్తే నా పేరు పక్కన ఏఐ మోడల్ అని, కింద టెంపరేచర్, టాప్-పి, నిషేధించిన మాటలు, ఎన్నింటిలోంచి ఏరానో, అన్నీ ఉంటాయి.

ఇంకో ప్రతిపాదన కూడా క్లబ్ ముందు పెట్టా. ఏఐ వాడొద్దని కాదు. నేనూ వాడతా, నిషిద్ధాక్షరి ఆట ఆడుకోవడానికి దానంత ఓపిక ఉన్న తోడు అర్ధరాత్రి ఇంకెవరు దొరుకుతారు? కానీ సంచిక వేసే ముందు ఒక సాయంత్రం కూర్చుందాం. రాసినవాళ్ళు మధ్యలో, ఎనిమిది మంది చుట్టూ. ఈ మాట ఎందుకు, ఈ పోలిక ఎక్కడిది, ఇది నువ్వు చూశావా అని అడుగుదాం. జవాబు చెప్పగలిగినదాని కిందే సంతకం. చెప్పలేనిది తీసేద్దాం, లేదా ఎవరిదో రాద్దాం. మొదటి రోజు మధ్యలో నేను కూర్చుంటా.

పోయిన వారం సాయంత్రం చెరువు కట్ట మీద ఒక్కణ్ణే నడిచా. నీళ్ళ దగ్గర ఒక తెప్ప బోర్లించి ఉంది, దాని మీద వల ఆరేసి ఉంది. కవితలో తెరచాపలు తీసేసి ఆ తెప్ప పెట్టా. పంక్తి మునుపటంత నున్నగా లేదు. తాతకి ఫోన్ చేసి చదివా. ఇది బాగుందనలేదు గానీ, ఇది మన చెరువే అన్నాడు. మిగతా పంక్తులు ఎవరివని అడిగితే ఉన్న సంగతి చెప్పేశా, మెషీన్‌తో కలిసి రాశా అని.

తాత కాసేపు నవ్వి, ఓడిపోతే తీయడానికి దానికి మీసం ఉందారా అని అడిగాడు.